దొర సమ్మె

గోదావరిఖని,
18 ఆగస్టు 2024

నా బంగారు బిడ్డ సుజితకు,

మీ బాపు స్తెఫను నిండు మనసుతో దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేను, మీ అమ్మ, నువ్వు అప్పజెప్పి పోయిన ఎనిమిది కాళ్ల ప్రాణి, ముగ్గురమూ దేవుని దయవల్ల బాగున్నాం. ఫోను అందని ఆ అడవి క్యాంపులో పిట్టలను లెక్కపెట్టుకుంటూ నువ్వెట్లున్నావో, అన్నం సరిగ్గా తింటున్నావో లేదో రాయి.

బిడ్డా, నా సంతోషం ఎట్ల చెప్పాలి? హైదరాబాదులో నీకు ఎంతమంది చదువుకున్న దోస్తులు! వాళ్లందరినీ కాదని, నువ్వొచ్చేదాకా చూసుకొమ్మని నీ టరంటులాను మీ బాపు చేతిలో పెట్టావు. ఏడో తరగతి తప్పినోడి చేతిలో! ఆ రోజు నువ్వు రైలెక్కినాక ప్లాట్‌ఫారం మీద నేను ఒక్కణ్నే నవ్వుకుంటుంటే, చాయ్ అమ్మేటాయన "ఏంది పెద్దాయనా, లాటరీ తాకిందా?" అని అడిగాడు. "అంతకంటె ఎక్కువే" అన్నాను. బొగ్గు బాయిలో టింబర్ పని చేసి, పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టి ఎంతోమంది ప్రాణాలు కాపాడినోణ్ని, ఒక్క సాలెపురుగును కాపాడలేనా? దాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చని అటవీశాఖ ఇచ్చిన కాగితం కూడా బీరువాలో నా పెన్షన్ కాగితాల మీదే పెట్టాను.

మీ అమ్మ సంగతి నీకు తెలుసు. గాజు పెట్టెను వంటింట్లోకి రానియ్యలేదు. బైబిలు వాక్యం రాసిన పటం ఉన్న గదిలోకి అసలే రానియ్యలేదు. ఆఖరుకు ముందు గదిలో టీవీ పక్కన, నా రిటైర్మెంటుకు ఇచ్చిన గోడగడియారం కింద జాగా దొరికింది. మొదటి రోజు దూరం నుంచే చూసి, "పని లేదు, పాట లేదు. పొద్దుందాక కదలకుండ కూసుంటది. టైముకు తిండి మాత్రం కావాలె. ఇది పురుగు కాదు, దొర" అన్నది. ఆ పేరే ఖాయమైంది. కాలనీలో ఇప్పుడు అందరికీ దొరే.

దొర రాజాలాగా ఉన్నాడు. వారానికొక బొద్దింకను తింటున్నాడు. రోజూ పొద్దున నేను పెట్టె మూత మీద చిన్న కట్టెతో కొట్టి చెవి పెట్టి వింటాను. బాయిలో దిగగానే పైకప్పును కొట్టి చూసేవాళ్లం గదా, గట్టిగా మోగితే పదిలం, బోలుగా మోగితే ప్రమాదం. దొర పెట్టె పదిలంగానే మోగుతోంది, నువ్వు ఫికరు పడకు.

ఇంకో వింత. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగు ఉంటుంది గదా, మన చెవికి చప్పుడు రాకముందే దొర తన కుండపెంకు కిందికి ఉరుకుతాడు. పక్కింటి పోశం కాక, అదే, యూనియన్ మీటింగుల్లో మైకు లేకుండానే మాట్లాడేటాయన, చూసి నోరు తెరిచాడు. "అరే స్తెఫనూ, జిందగంత బాయిల జేసినా మనకు రాలే ఈ తెలివి. దీన్ని సేఫ్టీ ఆఫీసరును జెయ్యాలె" అన్నాడు.

ఒక్కటే అనుమానం. పెట్టె అంత పెద్దది ఎందుకు తెచ్చావు? దొర ఇంకా పెరుగుతాడా? కుబుసం విడుస్తాడన్నావు, ఎన్నాళ్లకొకసారి? పాములాగానా? రాయి.

నా దగ్గు సంగతి అడగకు. నేను రిటైరయ్యాను, అది కాలేదు. అంతే.

నీ సంబురపు బాపు,
స్తెఫను

సుజీ, దగ్గు ఎక్కువైంది. దవాఖానకు పొమ్మంటే దొరకు తిండి టైమయింది అంటడు. అమ్మ.


అడవి క్యాంపు, అరుణాచల్
14 సెప్టెంబరు 2024

బాపూ,

నీ ఉత్తరం రేషన్ జీపులో బియ్యం బస్తా కింద నలిగి నా దాకా వచ్చింది. చదువుతూ ఎంత గట్టిగా నవ్వానంటే, చెట్టు మీద నేను పొద్దటినుంచి కనిపెట్టుకుని ఉన్న పిట్ట కాస్తా ఎగిరిపోయింది. అన్నం బాగానే తింటున్నాను. ఇక్కడ మిరపకాయ మన మిరపకాయకు పెద్దమ్మ.

ముందు ఆ కట్టె అవతల పారెయ్యి! దొరకు మనలాంటి చెవులు లేవు. కాళ్ల మీది వెంట్రుకలతోనే నేల అదురును పసిగడతాడు. నువ్వు రోజూ పొద్దున మూత మీద కొట్టేది దానికి ఇంకో బ్లాస్టింగు.

ఇక కుబుసం. పిల్లగా ఉన్నప్పుడు ఏడాదిలో చాలాసార్లే విడుస్తుంది. ఎదిగిన కొద్దీ ఆలస్యమవుతుంది. బాగా ఎదిగినది ఏడాదికోసారి, ఒక్కోసారి రెండేళ్లకోసారి. మన దొర జాతి మరీ నిదానం, ఇంకా ఆలస్యం చేసినా చేస్తుంది. ఫలానా తేదీ అని ఎవరూ చెప్పలేరు. విడిచాక పెద్దగా పెరగదు కూడా, కొత్త చర్మం వస్తుందంతే.

అసలు సంగతి ఒకటి నీకు చెప్పలేదు. మన దొర మగదో ఆడదో నాకే తెలియదు. వచ్చే కుబుసమే చెప్పాలి. మగదైతే ముందున్న రెండు పొట్టి చేతుల చివరలు బాక్సింగ్ గ్లౌజులు తొడుక్కున్నట్టు ఉబ్బి బయటికొస్తాయి. అదే దానికి చివరి కుబుసం. ఆ తర్వాత బతికేది ఏడాదో, మహా అయితే రెండేళ్లో. ఆడదైతే చేతులు మామూలుగానే ఉంటాయి. అది కుబుసాలు విడుస్తూ ఇంకో ఇరవై ఏళ్లు బతికినా ఆశ్చర్యం లేదు.

బాపూ, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించుకున్నావా? దొర తిండికి వారానికి ఒక్క నిమిషం చాలు. మిగతా వారమంతా దవాఖానకు పోవచ్చు.

నీ సుజి


గోదావరిఖని,
20 అక్టోబరు 2024

నా కొండల మీది బిడ్డకు,

మీ బాపు ప్రేమగా రాయునది. కట్టెను ఆ రోజే పొయ్యిలో పెట్టాను. పెద్ద వార్త వేరే ఉంది. దొర సమ్మె చేస్తున్నాడు.

అవును బిడ్డా, సమ్మె! దసరా ముందు నుంచే తిండి ముట్టడం లేదు. కుండపెంకు వాకిలికి మట్టి, దారం కలిపి అడ్డం కట్టాడు. ఎప్పుడన్నా బయటికొచ్చినా గోడ దిక్కు తిరిగి కూర్చుంటున్నాడు. పోశం కాక వంగి వంగి చూసి తీర్పు చెప్పాడు: "గేటు బంద్ జేసిండు. తిండి బంద్ జేసిండు. మేనేజుమెంటుకు ఈపు జూపెడ్తుండు. ఇది నిరవధిక సమ్మెనే, డౌటే లేదు. గాని స్తెఫనూ, దొరలు సమ్మె జేసుడు మాత్రం నేను ఇదే మొదటిసారి జూసుడు."

డిమాండ్లు ఏమిటో తెలియక పరేషానయ్యాం. కట్టె చప్పుడు ఒకటి, అది తీరింది. రెండోది మీ అమ్మ సీరియలేమోనని పోశం అనుమానం. మీ అమ్మ ఒప్పుకుంటుందా? "దొరకు నా సీరియలే అడ్డమా? ఆయన మొఖానికి ఆయన రిమోటు గూడ కావాలంటడేమో" అన్నది. మూడు రోజులు చర్చలు జరిగాయి. ఇప్పుడు చప్పుడు లేకుండా బొమ్మ మాత్రమే చూస్తోంది. కార్మిక ఐక్యతకు మొదటి విజయం.

అదే మీ అమ్మ, నేను సంతకు పోయిన టైములో, జాలి ఆగక ఒక బొద్దింకను లోపలికి వదిలింది. సమ్మెలో ఉన్నోని ముందు బిర్యానీ పెట్టినట్టు! నేను వచ్చి పట్కారుతో పట్టి తీసేశాను. నా సర్వీసులో ఎన్ని సమ్మెలు చూశానో, ఒక్కదాన్ని విరగ్గొట్టలేదు. నా ఇంట్లో విరగ్గొట్టనిస్తానా?

కుబుసం గురించి నువ్వు రాసింది పోశంకు చదివి వినిపించాను. ఎదిగినాక ఏడాదికో రెండేళ్లకో, ఇంకా ఆలస్యమైనా కావచ్చు, తేదీ చెప్పలేరు అని ఉన్న కాడ వాడు తొడ చరిచాడు. "అరే, ఇది మన వేతన ఒప్పందమే గదరా! అయిదేండ్లకు రావాలె, ఎప్పుడన్న టైముకొచ్చిందా? ముందుగాల సమ్మె, తర్వాత చర్చలు, ఆఖరుకెప్పుడో ఒప్పందం." అప్పటినుంచి మేము కుబుసం అనడం లేదు, ఒప్పందం అంటున్నాం. "ఒప్పందం వచ్చిందా?" అని పాలాయన కూడా అడుగుతున్నాడు.

ఆ గ్లౌజుల ముచ్చట చదివినప్పటి నుంచి మాత్రం నాకు గుండెలో గుబులు. ఏడాదేనా బిడ్డా?

షిఫ్టులు వేసుకుని కాపలా కాస్తున్నాం. ఫస్టు షిఫ్టు నేను, సెకండు షిఫ్టు పోశం, మీ అమ్మ జనరల్ షిఫ్టు. మంచిర్యాలలో పెళ్లికి పోలేదు. బసంత్‌నగర్‌లో మీ మేనమామ ఇంట్లో ప్రార్థనకూ పోలేదు, ఆయన అలిగాడు. నాకు తీరిక లేదు, మీ అమ్మ సీరియల్‌కు చప్పుడు లేదు, పోశంకు మెడ పట్టేసింది. ఏం చేస్తాం, డ్యూటీ డ్యూటీయే! దవాఖాన సంగతి సమ్మె ముగిసినాక చూద్దాం.

నీ బాపు,
స్తెఫను, కార్యదర్శి, దొర సమ్మె సంఘీభావ కమిటీ


అడవి క్యాంపు
16 నవంబరు 2024

బాపూ,

నీ ఉత్తరం చదివి ఈసారి నవ్వు రాలేదు. పెళ్లిళ్లు మానుకుని, బంధువులతో మాట పడి, అమ్మ సీరియల్ చప్పుడు ఆపుకుని, దవాఖాన కూడా వాయిదా వేసి... ఒక సాలెపురుగు కోసం మీ ఇద్దరినీ ఇంత కష్టపెడుతున్నానని నాకు తట్టనే లేదు. నాది తప్పు.

అది సమ్మె కాదు. కుబుసం విడిచే ముందు అట్లాగే నెలల తరబడి తిండి మానేస్తాయి. ఆ బొద్దింకను నువ్వు తీసెయ్యడం ఎంత మంచి పనో! కుబుసం విడిచేటప్పుడు ఒళ్లు మెత్తగా ఉంటుంది. ఆ టైములో బొద్దింక కూడా దాన్ని కొరికి చంపగలదు. మూకుడులో నీళ్లు మాత్రం ఉంచు. ఒక రోజు వెల్లకిలా పడుకుని కనిపిస్తే చచ్చిపోయిందని భయపడకు, తాకకు, తిప్పకు. అదే కుబుసం.

ఈలోగా కదిలిస్తే ప్రమాదం. అందుకని కుబుసం విడిచిందని నీ ఉత్తరం రాగానే, నాతో చదివిన భూపాల్ హైదరాబాదు నుంచి వచ్చి దాన్ని తన కాలేజీ ల్యాబుకు తీసుకుపోతాడు. ఒప్పించాను. ఇక మీరు హాయిగా ఉండండి. నువ్వు మాత్రం వెంటనే ఛాతీ చూపించుకో.

నీ సుజి


గోదావరిఖని,
22 డిసెంబరు 2024

సుజిత గారికి,

రిటైర్డు టింబర్‌మన్ స్తెఫను నమస్కరించి రాయునది. మీ నవంబరు నెల ఆర్డరు అందినది. చదువుకున్నాము.

బాయిలో పని చేతగాని మనిషిని పైకి పంపి చెట్లకు నీళ్లు పోయిస్తారు. దాన్ని సర్ఫేసు ట్రాన్స్‌ఫర్ అంటారు. మాకు కూడా అదే ఇచ్చినట్టు అర్థమైనది. పర్వాలేదు. చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లకే అప్పజెప్పుకుంటారు. మంచిదే.

కుబుసం విషయం: విడవలేదు. ఇప్పట్లో విడిచే సూచనలు కూడా లేవు. కాబట్టి భూపాల్ గారు రానవసరం లేదు. పండుగ రద్దీకి రైళ్లలో నిలబడే జాగా కూడా లేదు. మన కాలనీ రోడ్డు తవ్వినారు. పోశంకు కండ్లకలక వచ్చింది, అంటుకుంటుంది.

ఇంతే సంగతులు.

బిడ్డా, నావల్ల కాదు! విడిచింది! పోయిన ఆదివారమే విడిచింది! వారం దినాల సంది కడుపుల పెట్టుకొని తిరుగుతున్న, అన్నం అరుగుతలేదు!

ఎట్ల చెప్పుదు? ముగ్గురం షిఫ్టులేసుకొని నెలలు కాపలా కాసినమా, మేమందరం లేని టైము చూసుకొని, చర్చికి పోయి వచ్చేటాళ్లకు దొర వెల్లకిల పడి ఉన్నడు. ఎనిమిది కాళ్లు పైకి! నీ ఉత్తరం అంగీ జేబులనే ఉన్నది. నేను ఎగిరిన. "పడ్డడే! పడ్డడే! సాయమ్మా, దొర పడ్డడే!" అని చప్పట్లు కొట్టిన. మీ అమ్మ బైబిలు పట్టుకొని వాకిట్లనే నిలబడ్డది. "ఏసయ్యా! సచ్చినదాన్ని జూసి ఎగురుడేందయ్యా? నీది గుండెనా బొగ్గు పెళ్లనా?" అన్నది. నా అరుపు విని పోశం ఉరికొచ్చిండు. వాళ్లింట్ల పటం మీదున్న బంతిపూల దండ తెంపుకొనే వచ్చిండు. పెట్టె ముందల నిలబడి పిడికిలెత్తి, "కామ్రేడ్ దొరకు... జోహార్లు!" అన్నడు. "నోరు మూసుకోరా! సమ్మె గెలిచిండు!" అని వాని చెయ్యి కిందికి గుంజిన.

తర్వాత ముగ్గురం బెంచి మీద వరుసగ కూసున్నం. పోశం సుత గుసగుసనే మాట్లాడిండంటే చూసుకో. నీళ్ల జాగల డ్యూటీ చేసి పైకొచ్చినాక, తడిసిన బూట్లు కాలును ఇడువకపోతే ఎట్ల మెల్లమెల్లగ గుంజుకుంటం? గట్లనే పాత తోలులకెళ్లి గుంజుకుంటాండు దొర, ఒక్కొక్క కాలు, ఒక్కొక్క కాలు. మీ అమ్మ కొంగు నోట్లె పెట్టుకొని, "ఇంకొంచెం బిడ్డా, ఇంకొంచెం" అంటాంది. నాతోని కాదు, దానితోని!

ఆఖరుకు చూస్తే రెండు దొరలు. ఒకటి ఉత్తది, ఒకటి గులాబి రంగుల తళతళ. నేను అద్దాలు పెట్టుకొని, వంగి ముందరి పొట్టి చేతులు చూసిన. గ్లౌజులు లేవు! పోశంను చూడమన్న, లేవన్నడు. మీ అమ్మను చూడమన్న, ముట్టకుండ చూసి లేవన్నది. దొర కాదు బిడ్డా, దొరసాని! ఇరవై ఏండ్ల దొరసాని!

"బాలింత లెక్కున్నది, సప్పుడు జెయ్యకుండ్రి" అని మీ అమ్మ పోశంను బయటికి ఎళ్లగొట్టింది. ముందటి గది సల్లగున్నదని, మరునాడే నాతోని పెట్టె మోయించింది. ఎక్కడికనుకుంటున్నవు? వంటింట్లెకు!

నిజం చెప్పకపోతే దొరసాని మా దగ్గర్నే ఉంటది. చెప్తే భూపాల్ వస్తడు. ఈ సంతోషం నీకు చెప్పకుండ ఉండుడు మాత్రం నాకు చేతగాలేదు. ఇక నీ ఇష్టం.

బాపు

సుజీ, భూపాల్‌ను పంపకు. దొరసాని నాకు అలవాటైంది. వంట చేసుకుంట సీరియల్ కథ దానికే చెప్తున్న. మీ బాపు ఎగిరినంక దగ్గొచ్చి గోడ వట్టుకొని శానసేపు కూసున్నడు. నీకు చెప్పద్దన్నడు. అమ్మ.


అడవి క్యాంపు
19 జనవరి 2025

నా పిచ్చి బాపుకు,

"సుజిత గారికి" అని చూడగానే, ఇది నాకేనా అని కవరు తిప్పి అడ్రసు మళ్లీ చదివాను. మీకు కష్టమవుతోందని నేను, నీకు చేతకాదన్నానని నువ్వు. మధ్యలో పాపం భూపాల్, పెట్టె పట్టుకుని రైలు టికెట్టు కోసం తిరుగుతున్నాడు.

విను బాపూ. హైదరాబాదులో నాకు చదువుకున్న దోస్తులు ఉన్న మాట నిజమే. ఒక్కరికైనా బొద్దింకను వెనక్కి తియ్యాలని తట్టేది కాదు. సమ్మె విరగ్గొట్టకూడదని నువ్వు తీశావు, దొరసాని బతికింది. అందుకే నీ చేతిలో పెట్టాను. ఇక నుంచి అది నీది. నేను తిరిగొచ్చినా నీ దగ్గరే ఉంటుంది. ఆ ఉత్త కుబుసాన్ని కూడా దాచి ఉంచు, వచ్చినప్పుడు చూస్తాను.

కాని ఒక షరతు. దొరసానికి ఇంకా ఇరవై ఏళ్ల ఆయుస్సు ఉందని నువ్వే ఎగిరి గంతేశావు గదా. మరి ఆ ఇరవై ఏళ్లు బొద్దింకలు ఎవరు వేస్తారు? అమ్మ జాలి పడి రోజూ వేస్తుంది. పోశం కాక ఉపన్యాసం ఇస్తాడు. బాయిలో దిగే ప్రతి మనిషికీ ముందు మెడికల్ ఉండేదని నువ్వే చెప్పేవాడివి. నీ డ్యూటీకి కూడా ఉంది. ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, రెండూ. అయ్యాయని అమ్మ రాసేదాకా భూపాల్ సంచి సర్దుకునే ఉంటాడు.

నేను నీ బిడ్డనే. నాకూ సమ్మె చెయ్యడం వచ్చు.

నీ సుజి


గోదావరిఖని,
23 ఫిబ్రవరి 2025

మేనేజుమెంటు అయినా నా కడుపున పుట్టిన బిడ్డకు,

నీ బాపు సంతోషం పట్టలేక రాస్తున్నాను. నీ ఉత్తరం మీ అమ్మే ముందు చదివింది, నాకు చెప్పు తొడుక్కునే టైము కూడా ఇవ్వలేదు. పోశం ఒక రెక్క, ఆమె ఒక రెక్క పట్టుకుని దవాఖానకు నడిపించారు.

డాక్టరమ్మ చిన్న పిల్ల, నీ ఈడుదే ఉంటుంది. గొట్టం నోట్లో పెట్టి గట్టిగా ఊదమన్నది. నేను ఊదాను. "ఇంకా, ఇంకా" అన్నది. వెనక నుంచి పోశం "ఊదు స్తెఫనూ, నినాదమిచ్చినట్టు ఊదు!" అని అరిస్తే వాణ్ని బయట కూర్చోబెట్టింది. ఎక్స్‌రే ఫొటో చూసి, ఊపిరితిత్తుల్లో పాత దుమ్ము ఉందన్నది. ఉండదా మరి! పోయేది కాదట, కాని పెరగకుండా చూసుకోవచ్చట. రోజూ రెండు పూటలా మందు పీల్చాలి, దుమ్ములో తిరగొద్దు, ఆర్నెల్లకొకసారి వచ్చి చూపించుకోవాలి.

"ఆర్నెల్లకొకసారా? మా ఇంట్ల దొరసాని రెండేండ్లకొకసారి కొత్తగైతది, నాకు గింత జల్దినా?" అన్నాను. దొరసాని ఎవరని అడిగింది. టరంటులా అని చెప్పాను. చెవుల్లోంచి గొట్టం తీసి మీ అమ్మ దిక్కు చూసింది. మీ అమ్మ తల ఊపి, "అవునమ్మా, వంటింట్లనే ఉంటది. మంచిది పాపం" అన్నది. డాక్టరమ్మ మందు చీటీ రాసి నా చేతిలో పెట్టింది. పీల్చే మందు రెండు వారాల నుంచి పీలుస్తున్నాను. మెట్లెక్కితే మునుపటంత ఆయాసం లేదు. భూపాల్‌ను సంచి విప్పుకొమ్మని చెప్పు.

ఉత్త కుబుసం గురించి పోశంకు, మీ అమ్మకు తగాదా అయింది. యూనియన్ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెడతానని వాడు, ఇవ్వనని ఆమె. చివరికి గోడగడియారం కింద, ఖాళీ అయిన జాగాలో పెట్టాం. చుట్టాలు చూసి దడుసుకుంటున్నారు. మీ మేనమామ అలుక మాని వచ్చి, దాన్ని చూసి చాయ్ తాగకుండానే పోయాడు.

దొరసాని మళ్లీ తింటోంది. మధ్యాహ్నం బ్లాస్టింగుకు మునుపటిలాగే ఉరుకుతోంది. నిన్న పెట్టె ముందు కూర్చుని దానితో మాట్లాడాను. ఒప్పందం ఎంత ఆలస్యమైతే కార్మికునికి అంత నష్టమని జిందగంతా గేటు ముందు మొత్తుకున్నోణ్ని. "నీ తర్వాతి ఒప్పందానికి మాత్రం తొందరేం లేదమ్మా. ఏడాదికే రావాలని లేదు, రెండేండ్లకే రావాలని లేదు. ఎంత లేటైనా చేసుకో. గేటు కాడ నేను నిలబడే ఉంట" అని చెప్పాను. అది ఏం వినలేదు. దానికి చెవులు లేవన్నావు గదా. అందుకని గాజు మీద వేలితో ఒక్కసారి, మెల్లగా, చాలా మెల్లగా కొట్టాను. ఈ ఒక్కసారికి కోప్పడకు.

నీ బాపు,
స్తెఫను,
దొరసాని డ్యూటీ, పర్మనెంటు